నలభై రోజుల పేంటు

5-2-68, సోమవారం

ఇవాళ్టి నుంచి నేను పేంట్ల ఎక్స్‌పర్టుని. ఎకనామిక్సులో బి.ఏ. థర్డ్ క్లాసు తెచ్చుకున్నవాడికి ఇంతకంటే పెద్ద పదవి ఈ జిల్లాలో ఇప్పట్లో దొరకదు.

జరిగిందేమిటంటే, మా కంపెనీ కళింగపట్నం అవతల ఉప్పు కొఠార్ల దాకా రోడ్డు వెయ్యాలనుకుంది. రోడ్డుకి ముందు సర్వే. సర్వేకి ఒక ఇంజనీరు, ఒక గుమస్తా, గొలుసు పట్టే ముగ్గురు కూలీలు. ఇంజనీరు నరసింగరావు గారు. గుమస్తాను నేను. సర్వే గీత తిన్నగా వెళ్ళాలి. మొగలి పొద అడ్డొచ్చినా, బురద కయ్య అడ్డొచ్చినా గీత వంగకూడదు. కనక గొలుసు పట్టినవాడు పొదలోంచే వెళ్ళాలి. ఇంజనీరూ గుమస్తా మాత్రం గట్టు మీంచి చుట్టూ తిరిగి, అవతల గొడుగేసుకుని నిలబడి, గీత తిన్నగా వచ్చిందా లేదా అని చూస్తారు. చదువుకున్నందుకు అదొక సుఖం.

పోయిన నెల ఒక కూలీకి మొగలి ముల్లు దిగి పిక్క గుమ్మడికాయంత అయింది. బండి మీద ఇంటికి పంపారు. వాడు మళ్ళీ రాలేదు, వాడి బదులు ఇంకొకణ్ణి పెట్టారు. ఉన్నాడో లేదో ఎవరూ కనుక్కోలేదు. మిగిలినవాళ్ళు గోచీలతో పొదలోకి దిగడానికి జంకి, పక్కనుంచి తప్పుకుంటున్నారు. గీత వంకర పోతోంది. మనిషి కాలు వాచినప్పుడు కరగని నరసింగరావు గారి మనసు గీత వంకర పోయేసరికి కరిగింది. వీళ్ళకి పేంట్లు కుట్టించాలోయ్ అన్నారు. మొగలి ముల్లుకి ఏ గుడ్డ ఆగుతుందో తేల్చి రిపోర్టు రాయమన్నారు. నన్నే ఎందుకంటే, క్యాంపు మొత్తానికి ఇస్త్రీ మడత ఉన్న పేంటు నాదొక్కటేనట.

8-2-68

శికాకోలు వెళ్ళి గుడ్డలు పరీక్షించాను. శాస్త్రీయంగా. ముందు గుప్పిట్లో నలిపి చూడడం. తరవాత రెండు బొటనవేళ్ళతో సాగదియ్యడం. తరవాత వెలుతురుకి అడ్డం పట్టి నేతలోంచి సూర్యభగవానుడు కనిపిస్తాడేమో చూడడం. షాపతను టెరిలిన్ తాను దులిపి, ఇది మీ కాలానికి సిరగదు బాబూ, మీ మనవలు తొడుక్కుంటారు అన్నాడు. పెళ్ళి కాకుండానే మనవల పేంటు గురించి ఆలోచించవలసి వచ్చింది. ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించాను. మైనంలా కరిగి వేలికి అతుక్కుంది. మా వాళ్ళు నోట్లో చుట్ట లేకుండా నడవరు. టెరిలిన్ రిజెక్టు.

చివరికి మూడు మిగిలాయి. ఖాకీ డ్రిల్లు. గేబర్డీను. క్యాంపులో పాత గుడారం తాలూకు కేన్వాసు. మూడూ అరసవల్లిలో సూరయ్య అనే టైలరుకి ఇచ్చాను. కేన్వాసు మీద అతని సూది రెండుసార్లు విరిగింది. ఇది పేంటా, పడవ తెరచాపా అని అడిగాడు. మోకాళ్ళ దగ్గర జోడు గుడ్డ వేసి, కాళ్ళ మధ్య కుట్టు రెండుసార్లు మడిచి కొడతానన్నాడు. గుడ్డ ముందు సిరగదు బాబూ, కుట్టే ముందు ఇడిపోతాది అన్నాడు. ఈ వాక్యం రిపోర్టులో నాదిగా వాడుకుంటాను.

10-2-68

ముందు గొలుసు పట్టేవాడు సోములు. నలభై ఏళ్ళుంటాయి. పొదలోకి మొదట దిగే కాళ్ళు అతనివి. రోజుకి ఒకమాట మాట్లాడతాడు. ఇవాళ్టి మాట నా మీద ఖర్చుపెట్టాడు. గుడ్డ ముక్కలు మూడూ తడిమి, గుడ్డని సూసినారు సరే, ముల్లుని సూసినారేటి బాబూ అన్నాడు. మొగలాకు అంచున ఉన్న ముల్లు ఒకవైపు తిరిగి ఉంటుందట, వెన్ను మీది ముల్లు రెండోవైపు. వెళ్ళేటప్పుడు ఒకటి పడుతుంది, వెనక్కి లాగితే రెండోది పడుతుంది. నేత వదులుంటే ముల్లు దూరతాది, దూరితే మరి ఒగ్గదు, పట్టుకుంటాది అన్నాడు. వలలకి చేసినట్టు తుమ్మచెక్క రసంలో ఉడకబెడితే గుడ్డ బిగుస్తుందట, ఉప్పునీటికి చీకిపోదట.

నా నోటు పుస్తకంలో ‘కూలీల మూఢనమ్మకాలు’ అన్న హెడ్డింగు కింద రాసుకున్నాను.

12-2-68, సోమవారం

మహోత్సవం జరిగింది. పేంట్లు వచ్చాయి.

సోములుకి డ్రిల్లు. అతని బావమరిది లక్ష్ముడికి కేన్వాసు. మూడోవాడు దాలయ్యకి గేబర్డీను. ముగ్గురిలో పుట్టి బుద్ధెరిగి పేంటు తొడిగినవాడు లేడు. లక్ష్ముడు రెండు కాళ్ళూ ఒకే గొట్టంలో దూర్చి పడ్డాడు. దాలయ్య వెనక ముందు చేసుకుని, బొత్తాలు వీపు వైపు ఎందుకు పెట్టినారు బాబూ అని సూరయ్యని తిట్టాడు. ఊళ్ళోంచి సోములు వస్తుంటే ఆ ఖాకీ రంగు చూసి, పోలీసనుకుని ఎవరో సారా కుండలు కయ్యలో పారబోసుకున్నారట. లక్ష్ముడికి అదొక్కటే బాధ.

స్టోర్సు రిజిస్టర్లో ముగ్గురి చేతా వేలిముద్రలు వేయిస్తే సరిపోయేది. కాని నాకు ఊరికే ఉండబుద్ధి కాదు. మా అమ్మ చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది, నీ నోరే నీకు శత్రువురా అని. ఇంకా ఎవరూ తొడగక ముందే పేంట్లు మూడూ మడతపెట్టి, కింద తమలపాకులు వేసి, ముందు కర్పూరం వెలిగించాను. గొంతు పెంచి ఉపన్యాసం ఇచ్చాను. ఇవి మామూలు బట్టలు కావు, దీక్షా వస్త్రాలు. నేటికి మొదలు నలభై రోజులు ఇవి మీ ఒంటి మీద ఉంటాయి. పోగు తెగకుండా, దారం లేవకుండా, తీసుకున్నవి తీసుకున్నట్టు అప్పజెప్పాలి. విజీనారం పైడితల్లమ్మ మీద ఒట్టు వెయ్యండి అన్నాను. ముగ్గురూ కర్పూరం మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, నేను చెప్పిన ముక్కల్లా తిరిగి చెప్పారు. గుడారంలో నరసింగరావు గారు నవ్వాపుకోలేక దగ్గుతున్నారు.

ముగ్గురిలో ఒక్కడూ నవ్వలేదు. మోటు జనానికి హాస్యం తెలీదు.

14-2-68

లక్ష్ముడు సద్దిలోకి ఎండుచేప మానేశాడు. ఏమిరా అంటే దీక్ష గదా బాబూ అన్నాడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

22-2-68

పదకొండో రోజు ఇన్‌స్పెక్షను. మొగలి బారు అవతల గొడుగేసుకుని నిలబడ్డాను. కొంతసేపటికి ముగ్గురూ గొలుసుతో బయటికొచ్చారు. గీత తిన్నగా ఉంది. పొద దాటడానికి మునుపటికంటే ఆలస్యమవుతోంది. పేంటుతో నడక అలవాటు లేకపోవడం వల్ల అని నోటు చేశాను.

ముగ్గుర్నీ వరసలో నిలబెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, గుడ్డ గుడ్డా చూశాను. డ్రిల్లు, ఒక్క పోగు లేవలేదు. గేబర్డీను, అదే. కేన్వాసు, అదే. ఇదేమి వింత. ఈ దేశంలో మిల్లులు ఇంత మంచి గుడ్డ నేస్తున్నాయని తెలీక మనం ఊరికే విదేశాల వంక చూస్తున్నాం.

1-3-68, శుక్రవారం

సోములు కుంటుతున్నాడు. ఎడమకాలు. ఏమయిందయ్యా అంటే ఏటీ లేదు బాబూ అన్నాడు. కొత్త పేంటు తొడిగితే దొరబాబులకి నడక మారుతుందిలే అన్నాను. దాలయ్య మొహమాటానికి నవ్వాడు. సోములు నవ్వలేదు.

సాయంత్రం అతని పేంటు మళ్ళీ చూశాను. మోకాళ్ళ దగ్గర కూడా వెలవలేదు. తొడిగినవాడు కుంటుతున్నాడు గాని పేంటు కుంటడం లేదు. ఇది రిపోర్టులో రాయడానికి వీల్లేకపోవడం ఒక లోటు.

6-3-68

రిపోర్టు డ్రాఫ్టు పూర్తయింది. మూడు గుడ్డలూ చిరగనప్పుడు ఎంపిక ఎలా. అక్కడే ఎక్స్‌పర్టు అవసరం. కేన్వాసు తడిస్తే బరువు, తొడలు ఒరుసుకుపోతాయని లక్ష్ముడి గోల. చూడ్డానికి కూడా గుడారానికి కాళ్ళొచ్చినట్టుంటుంది. గేబర్డీను ఇక్కడ అన్నివేళలా దొరకదు. డ్రిల్లు దొరుకుతుంది, తొందరగా ఆరుతుంది, ముల్లుని లెక్కచెయ్యదు. కనక డ్రిల్లు. మొత్తం మూడు పేజీలు. సూరయ్య వాక్యం రెండో పేజీలో బాగా కుదిరింది. నరసింగరావు గారు చదివి భుజం తట్టారు. నలభై రోజులూ నిండగానే హెడ్డాఫీసుకి పంపుదాం అన్నారు.

9-3-68, శనివారం
ఉదయం 7

సోములు భార్య తవిటమ్మ క్యాంపుకి వచ్చింది. రాత్రి నుంచీ అతను నోరు తెరవలేకపోతున్నాడట. గంజి పోస్తే పక్కనుంచి కారిపోతోందట. దవడ పట్టేసినాది బాబూ, మెడ ఎనక్కి లాగేస్తన్నాది అంది. నరసింగరావు గారు జీపు ఇచ్చారు.

మధ్యాహ్నం 12

శికాకోలు ఆస్పత్రి. సోములు డ్రిల్లు పేంటు తొడుక్కునే ఉన్నాడు. కంపెనీ జీపులో ఎక్కేటప్పుడు కంపెనీ బట్ట ఉండాలని తవిటమ్మే ఇద్దరి సాయంతో తొడిగిందట. జీపు గోతిలో పడ్డప్పుడల్లా ఒళ్ళంతా విల్లులా వంగిపోయాడు. నేను అతని తల పట్టుకుని కూర్చున్నాను. జోకు ఏదీ తోచలేదు.

డాక్టరు చూడగానే దెబ్బ ఎక్కడుంది అని అడిగాడు. నేను లేదన్నాను. పేంటు చిరగలేదు కదా, దెబ్బ ఎలా తగులుతుంది. ముప్ఫయ్యో రోజుకి చేరబోతున్న రికార్డు నా జేబులోనే ఉంది. డాక్టరు పేంటు విప్పమన్నాడు. ఎడమకాలు వాచి గొట్టంలో ఇరుక్కుపోయింది, రాలేదు. కాంపౌండరు కత్తెర తెచ్చాడు.

సోములు బిగిసిన పళ్ళ సందులోంచి ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. తవిటమ్మకి అయింది. కొయ్యొద్దంతన్నాడు బాబూ, ఒట్టేసినాడు, కోస్తే అమ్మోరు ఊరుకోదు అని కాంపౌండరు చెయ్యి పట్టుకుంది. కాంపౌండరు నా వైపు చూశాడు. వెంట వచ్చినవాళ్ళలో ఇస్త్రీ పేంటున్నవాణ్ణి నేనొక్కణ్ణే, అందుకని.

కొయ్యండి అన్నాను.

అంచు దగ్గర్నుంచి తొడ దాకా కోశాడు. డ్రిల్లు కోతకి కూడా గట్టిగానే ఆగింది. కింద కాలు బయటపడింది. మొగలి ముళ్ళ గీతలు ఒకదాని మీద ఒకటి, కొత్తవి, పాతవి, మానినవి. పిక్క మీద ఒక నల్లటి రంధ్రం.

సాయంత్రం 5

జీపులో మాతో వచ్చిన లక్ష్ముడు వరండాలో చెప్పాడు. నేను అడిగితేనే చెప్పాడు.

పొద మొదట్లో పేంట్లు ఇప్పేసి, మడతెట్టి, నెత్తినెట్టుకొని గోసీల్తోటి దిగిపోయేవోళ్ళం బాబూ. అవతలికెళ్ళి తొడుక్కునేసరికి మీరు గొడుగేసుకొని వొచ్చేసేవోరు. బావకి ముల్లు దిగి పన్నెండు రోజులైనాది. పేంటు తొడిగితే కనబడదు గదా.

దిగకుండా ఉండవలసిందిరా, ముందు జంకేవారు కదా అన్నాను. కంపెనీ బట్టలిచ్చినాక దిగనంటే ఏటి బాగుంటాది బాబూ అన్నాడు.

పేంటు చిరుగుతుందో లేదో చూడమని ఇచ్చి, చిరగనివ్వబోమని ఒట్టు వేయించుకున్న మేధావిని నేను. ఈ ముక్క ఇరవై ఆరు రోజులు నాకు తట్టలేదు. బి.ఏ.లో లాజిక్ కూడా ఒక పేపరు.

నవ్వులాటకి అన్నానురా లక్ష్ముడూ అని చెప్పాను. అతను కోప్పడలేదు. తెలీని విషయం కనుక్కుంటున్నట్టు అడిగాడు. నవ్వులాటకి పైడితల్లి పేరు ఎవులైనా ఎత్తుతారేటి బాబూ.

10-3-68

ధనుర్వాతం అన్నారు. చీకటి గదిలో పెట్టారు. చప్పుడు చెయ్యకూడదు. తలుపు సందులోంచి చూశాను. సోములు నవ్వుతున్నాడు. పళ్ళన్నీ కనిపించేలా, కనుబొమలు పైకెత్తి, విడవకుండా నవ్వుతున్నాడు. అది నవ్వు కాదని నర్సు చెప్పింది, ఆ జబ్బుకి ముఖం అలా అయిపోతుందట.

నెల రోజులు రకరకాల జోకులేశాను అతని ముందు. ఒక్కదానికీ ఫలితం రాలేదు.

12-3-68

తెల్లవారగట్ల పోయాడు.

15-3-68, శుక్రవారం

నరసింగరావు గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. పొదలోకి పేంట్లు వెళ్ళనే లేదని, మూడు పేజీల్లోనూ నిజమన్నది తేదీలు మాత్రమేనని చెప్పాను. ఆయన మెత్తటి మనిషి. కుర్చీ చూపించారు. టీ తెప్పించారు. సోములు మంచివాడోయ్, గీత బాగా పట్టేవాడు అన్నారు. మస్టరు రోల్లో జ్వరంతో పోయాడని రాశారు.

తరవాత అన్నారు. రిపోర్టు గుడ్డ మీదయ్యా, మనిషి మీద కాదు. గుడ్డ చిరిగిందా. లేదు. నువ్వు రాసింది అదేగా.

కోశారు కదండీ అన్నాను.

కత్తెరతో కోశారు, ముల్లుతో కాదు అన్నారు. ఇదంతా మళ్ళీ రాస్తే పైవాళ్ళు మొదట అడిగేది ఒట్టు ఎవరు వేయించారని. నీకు పాతికేళ్ళు కూడా లేవు అన్నారు. ఇరవై మూడండీ అన్నాను. ఆ మాట ఎందుకు అన్నానో తెలీదు.

సంతకం పెట్టాను. చక్కగా వచ్చింది. కాలేజీలో మా లెక్చరరు ఎప్పుడూ అనేవారు, నీ ఆన్సర్లలో సరుకు లేదు గాని నీ సంతకానికి మార్కులు వెయ్యొచ్చురా అని.

22-3-68, శుక్రవారం

ఇవాళ నలభయ్యో రోజు.

దాలయ్య, లక్ష్ముడు స్నానం చేసి వచ్చి పేంట్లు మడతపెట్టి బల్ల మీద పెట్టారు. గేబర్డీను, కేన్వాసు. వాళ్ళ వెనకాల తవిటమ్మ వచ్చింది. చేతిలో గుడ్డ మూట. విప్పింది. డ్రిల్లు పేంటు. ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేయించి ఉంది. ఇస్త్రీ మడత నా పేంటుకంటే బాగుంది.

కోసిన పేంటు ఆస్పత్రిలో అడిగి తీసుకుందట. బస్సెక్కి అరసవల్లి వెళ్ళి, కుట్టినవాడి చేతే కలిపించాలని సూరయ్యని వెతికి పట్టుకుందట. గుడ్డ అంచు పోగులే లాగి, ఆ పోగులతోనే కోత మీద అడ్డం నిలువు నేసినట్టు రఫూ చేశాడట. రెండు రోజులు పట్టిందట. తయారయ్యేదాకా సూరయ్య కొట్టు అరుగు మీదే పడుకుందట.

అతుకు కనబడతన్నాదా బాబూ, సూడండి అంది. కోసినందుకే అమ్మోరు అతన్ని తీసుకుపోయినాది, నాను గట్టిగా అడ్డుపడాల్సింది, సెయ్యి ఒగ్గేసినాను అంది. ఇప్పుడు ఒట్టు నా ఇంటి మీదున్నాది, ఇంటికాడ ముసిల్దున్నాది, పసి గుంటలున్నారు, తప్పు నాదే గదా అంది.

చెప్పాను. ముగ్గురి ముందూ చెప్పాను. అది ఒట్టు కాదు తవిటమ్మా, నేను వేళాకోళానికి చేసిన పని, ఏ అమ్మోరికీ దాంతో సంబంధం లేదు, ముల్లు గుచ్చుకుని పోయాడు, కొయ్యమన్నది కూడా నేనే అన్నాను. ఆమె అంతా వింది. నాకు జ్వరమేమో అన్నట్టు చూసింది. పెద్దోరికి వేళాకోళమైతే అవొచ్చు బాబూ, ఆడు నిజంగానే ఏసినాడు గదా అంది.

తరవాత మళ్ళీ అంది. సూసి సెప్పండి బాబూ.

కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాను. వెలుతురుకి అడ్డం పట్టాను. షాపులో గుడ్డలు పరీక్షించినట్టే, అదే శ్రద్ధ. కోత తొడ దగ్గర్నుంచి అంచు దాకా ఉంది. సూరయ్య పనివాడే గాని దేవుడు కాడు. పోగుల కింద గీత ఎక్కడుందో కళ్ళు మూసుకుని వేలితో పట్టుకోవచ్చు.

కనబడడం లేదు అన్నాను.

గుడ్డ మీద సెయ్యేసి సెప్పండి అంది. వేశాను. తీసుకున్నది తీసుకున్నట్టు ముట్టింది, సోములు ఒట్టు తీరింది అన్నాను. గొంతు పెంచలేదు. లక్ష్ముడు జేబులోంచి కర్పూరం తీసి వెలిగించాడు. వాడికి అది నేర్పింది నేనే.

తవిటమ్మ దండం పెట్టింది. నాకు కాదేమో. కాని నేనే ఎదురుగా ఉన్నాను.

23-3-68

స్టోర్సు రిజిస్టరు. డ్రిల్లు పేంటు ఒకటి, వాపసు. కండిషను అన్న గళ్ళో ‘బాగుంది’ అని రాశాను.

2-4-68, మంగళవారం, పగలు 11-15

హెడ్డాఫీసు నుంచి కొత్త పేంట్లు దిగాయి. అన్నీ డ్రిల్లే. ఒకటి తొడుక్కుని గీత మీంచి మొగలి పొదలోకి దిగాను. నాలుగో అడుగులో మోకాలి దగ్గర పట్టింది. వెనక్కి లాగితే రెండోవైపు ముల్లు పట్టింది. ఆరో అడుగులో పిక్క దగ్గర్నుంచి మడమ దాకా చిరిగింది.

గట్టు మీంచి లక్ష్ముడు కేకేశాడు. ఇప్పేసి నెత్తినెట్టుకోండి బాబూ, సిరిగిపోతన్నాది.